గుడ్ల పెట్టె: ప్లైలు పెంచితే పగలడం ఆగదు

నేను చెన్నై అంబత్తూరులో అట్టపెట్టెల డిజైన్ చేస్తాను. తిండి సరుకుల్లో పగిలేవి, విరిగేవి, నలిగేవి ఎక్కువగా నా టేబుల్ మీదికి వస్తుంటాయి. గూడూరు, నాయుడుపేట, చిత్తూరు వైపు నుంచి నాటుకోడి గుడ్లు చెన్నై ఇళ్లకి కొరియర్‌లో పంపేవాళ్లు, తెలుగావిడ ఉంది కదా అని నన్ను వెతుక్కుని ఫోన్ చేస్తారు. అట్టలోని కాగితం పొరల్ని ప్లై అంటాం. మొదటి మాట దాదాపు అందరిదీ ఒకటే: "అక్కా, గుడ్లు పగిలిపోతున్నాయి. ఐదు ప్లై వాడుతున్నాం. ఏడు ప్లైకి వెళ్దామా?"

వద్దు. ఈ ఒక్క అపోహ వల్ల పోతున్న డబ్బు చూస్తే నాకు బాధేస్తుంది. మిగతా అపోహల్ని గబగబా చెప్పేస్తాను గానీ దీన్ని మాత్రం విడమరిచి చెప్పాలి.

అపోహ: పెట్టె ఎంత మందంగా ఉంటే గుడ్డు అంత భద్రం

పెట్టెకి రెండు వేర్వేరు పనులున్నాయి. పైన పేర్చిన బరువుని మోయడం ఒకటి. కింద పడినప్పుడు ఆ దెబ్బ గుడ్డుదాకా పోకుండా చూడటం రెండోది. ప్లై పెంచితే మొదటి పని మెరుగవుతుంది. రెండోదానికి దానివల్ల ఒరిగేది చాలా తక్కువ, ఒక్కోసారి నష్టం కూడా.

ఎందుకో లెక్క వేసి చూద్దాం. డెలివరీ అబ్బాయి చేతిలోంచి పెట్టె జారితే నడుము ఎత్తు నుంచి పడుతుంది. పది కిలోల లోపు పార్సిళ్లకి ఐఎస్‌టీఏ (ప్యాకింగ్ పరీక్షలు రూపొందించే అంతర్జాతీయ సంస్థ) 1ఏ అనే టెస్టులో కూడా ఇంచుమించు అంతే ఎత్తు పెట్టారు: 76 సెంటీమీటర్లు. అంత ఎత్తు నుంచి పడ్డ గుడ్డు ఎంత దూరంలో ఆగుతుందన్నదే అసలు సంగతి. పడిన ఎత్తుని ఆగిన దూరంతో భాగిస్తే, గుడ్డు మీద దాని బరువుకి సగటున ఎన్ని రెట్లు ఒత్తిడి పడిందో తెలుస్తుంది. గుడ్డు నేరుగా గట్టి అట్ట మీద కూర్చుని 2 మిల్లీమీటర్లలో ఆగిపోయిందనుకోండి. 380 రెట్లు. 60 గ్రాముల గుడ్డు మీద దాదాపు 23 కిలోలు పడ్డట్టు. అదే గుడ్డు 2 సెంటీమీటర్లు మెల్లగా దిగి ఆగితే 38 రెట్లు, అంటే 2 కిలోల 300 గ్రాములు. కోడిగుడ్డు పెంకు రెండు పలకల మధ్య నిదానంగా నొక్కితే తట్టుకునేది సుమారు 3, 4 కిలోలు. మొదటి గుడ్డు బతికే అవకాశమే లేదు. రెండోది, దెబ్బ ఒక్క చుక్క మీద కాకుండా పెంకు చుట్టూ పరుచుకునేలా గూడు ఉంటే, బతుకుతుంది.

ఈ రెండు గుడ్ల మధ్య తేడా ప్లైలో లేదు. గుడ్డు కింద, పైన, పక్కన మీరు వదిలిన ఖాళీలో ఉంది, ఆ ఖాళీలో నలిగి దెబ్బని తినేసే మడతలో ఉంది. ఏడు ప్లై అట్ట బిగుసుకుని నిలబడుతుంది, నలగదు. నలగనిది దెబ్బని తినదు, లోపలికి పంపిస్తుంది.

నాయుడుపేట దగ్గర నుంచి ఒక భార్యాభర్తలు వచ్చారు. వాళ్లు మూడు ప్లైతో మొదలుపెట్టి, ఐదు, ఏడు దాకా వెళ్లారు. ప్రతిసారీ పెట్టె ఖర్చు పెరిగింది, పగిలే గుడ్లు మాత్రం తగ్గలేదు. ఆ అమ్మాయి ముఖంలో టెన్షన్ చూస్తే, వీళ్లు ఇంకో నెల చూసి మానేస్తారేమో అనిపించింది. వాళ్ల పెట్టె తీసుకుని ఒక పక్క గోడని కత్తితో కోసి లోపల చూపించాను. గడులకి వాడిన అట్ట పల్చటిది, గుడ్డు సగం ఎత్తు వరకే ఉంది. గుడ్ల మొనలు నేరుగా అడుగు అట్టని తాకుతున్నాయి. గడి ఫారం గుడ్డు కొలతకి చేసింది, వాళ్లవేమో నాటు గుడ్లు. అగ్‌మార్క్ లెక్కలో పెద్ద గుడ్డు 53 నుంచి 59 గ్రాములు, చిన్నది 38 నుంచి 44. పెద్దదాని గడిలో చిన్నది పెడితే దారి పొడుగునా అటూ ఇటూ కొట్టుకుంటూనే ఉంటుంది. పెట్టె ఊపితే టకటకమని చప్పుడొచ్చింది.

ఇక మూత సంగతి. గోధుమపిండి గట్టిగా కలిపి, చిన్న ముద్దల్ని గుడ్ల నెత్తి మీద పెట్టి, మూత మూసి పైన రెండు చేతులతో నొక్కి తీయమన్నాను. ముద్దలన్నీ చపాతీల్లా అణిగిపోయి, మూతకి అంటుకుని వచ్చాయి. ఆ భర్త ఒక ముద్దని వేళ్లతో వలిచి చూసి, "అంటే పైన పెట్టిన బరువంతా గుడ్లే మోస్తున్నాయా?" అన్నాడు. అవును. ఏడు ప్లై గోడలు అంత బలంగా ఉండి కూడా, మూత కాస్త వంగగానే బరువు గుడ్ల మీదికే దిగుతోంది.

వాళ్లకి చేసిచ్చింది చాలా మామూలు డిజైన్. బయట మూడు ప్లై పెట్టె. లోపల ఒకే 'ఇ-ఫ్లూట్' (మధ్యలో సన్నటి అలలున్న పల్చటి అట్ట) షీటుని డై కట్ చేసి, అంటే అచ్చుతో కోసి, నాలుగు వైపులా కాళ్లు మడిచి, పైభాగంలో గుడ్డు నడుము పట్టే రంధ్రాలు, వాటి చుట్టూ చిన్న చీలికలు. గుడ్డు దిగినప్పుడు చీలికల రెక్కలు వంగి, దాన్ని అన్ని వైపులా పట్టుకుంటాయి. కింద 2 సెంటీమీటర్లకి పైగా ఖాళీ, పైనా దాదాపు అంతే. గుడ్డుకీ గుడ్డుకీ మధ్య అట్ట ఉంది, ఒకదాన్నొకటి తాకే వీలు లేదు. మొత్తం కలిపి పాత పెట్టె కంటే తక్కువ అట్ట పట్టింది. పార్సిళ్లు బాగా చేరుతున్నాయని ఆ అమ్మాయి ఇప్పటికీ ఫోన్ చేసి చెబుతుంటుంది.

గుడ్డుకి విడిగా గూడు ఉండాలన్నది కొత్త సంగతేమీ కాదు. 1911లో కెనడాలో జోసెఫ్ కోయల్ అనే పత్రిక నడిపే ఆయన, ఒక రైతుకీ హోటల్ యజమానికీ పగిలిన గుడ్ల గురించి జరిగిన తగాదా చూసి, ప్రతి గుడ్డునీ విడిగా పట్టుకునే కాగితం కార్టన్ చేశాడు. వందేళ్లు దాటినా ఆ సూత్రం మారలేదు.

ఏడు ప్లై అసలు పనికిరాదని నేననడం లేదు. గోదాములో ఎత్తుగా పేర్చి వారాల తరబడి ఉంచే సరుకుకి అది కావాలి. మీరు పంపేది డజను గుడ్ల పార్సిల్. దాని సమస్య వేరు.

అపోహ: బీఎఫ్ ఎక్కువున్న పేపరైతే చాలు

"22 బీఎఫ్ పేపరేనా?" అని అడిగి, అవుననగానే తృప్తి పడిపోతారు. బీఎఫ్ అంటే బర్స్ట్ ఫ్యాక్టర్. బర్స్ట్ అనేది గోడ చిరగకుండా ఉండే బలం. పేర్చినప్పుడు పెట్టె కూలకుండా ఆపేది నిలువు అంచు బలం, దాన్ని ఈసీటీ (ఎడ్జ్ క్రష్ టెస్ట్) చెబుతుంది. 1963లో మెకీ అనే పరిశోధకుడు ఇచ్చిన సూత్రాన్ని ఈ రంగంలో ఇప్పటికీ వాడుతున్నాం. అందులో పెట్టె బలం ఈసీటీతో పాటు నేరుగా పెరుగుతుంది, అట్ట మందంతో మాత్రం వర్గమూలం లెక్కన పెరుగుతుంది. ఈసీటీ అదే ఉంచి మందం రెట్టింపు చేస్తే బలం ఒకటిన్నర రెట్లు కూడా కాదు.

దీనికన్నా పెద్ద నష్టం ఫ్లూట్ దిశ దగ్గర జరుగుతుంది. పెట్టె గోడలో ఫ్లూట్లు, అంటే అట్ట లోపలి అలలు, నిలువుగా ఉండాలి. షీటులో ఇంకో పెట్టె ఎక్కువ పడుతుందని డిజైన్‌ని అడ్డంగా తిప్పి కోసేస్తారు. పెట్టె చూడటానికి అలాగే ఉంటుంది, నొక్కితే గోడ సులువుగా ముడుచుకుపోతుంది. లోపలి గడులకీ ఇదే నియమం. ఈసారి శాంపిల్ రాగానే అంచు దగ్గర చూడండి, అలలు పై నుంచి కిందికి నడవాలి. అడ్డంగా నడుస్తుంటే వెనక్కి పంపండి, మొహమాటపడొద్దు.

మడత గురించి ఒక్క మాట. క్రీజ్ (మడవడానికి ముందే నొక్కే గీత) సరిగ్గా పడకపోతే మడిచిన చోట పై కాగితం చిట్లుతుంది. పేర్చిన బరువులో ఎక్కువ భాగం మోసేది పెట్టె నాలుగు నిలువు మూలలే కాబట్టి, అక్కడ చిట్లితే మిగతా గోడ ఎంత మంచిదైనా ఉపయోగం లేదు. పెట్టె మీద పెట్టె మూలకి మూల కలవకుండా వంకరగా పేర్చినా ఇదే గతి.

అపోహ: ల్యాబ్ రిపోర్ట్ బాగుంది కాబట్టి ఏ కాలంలోనైనా పర్లేదు

చెన్నైలో ఉండి ఈ మాట నమ్మేవాళ్లని చూస్తే నాకు ఆశ్చర్యం. ల్యాబ్‌లో సాధారణంగా 23 డిగ్రీలు, 50 శాతం తేమలో పెట్టెని నొక్కుతారు. మన అక్టోబర్, నవంబర్, డిసెంబర్ వానలు అలా ఉంటాయా? కాగితం గాల్లో తేమని పీల్చుకుంటుంది. గాల్లో తేమ 90 శాతం దగ్గరికి వచ్చేసరికి పెట్టె బలం దాదాపు సగానికి పడిపోతుంది. అందుకే ఇక్కడ డిజైన్ చేసేటప్పుడు రిపోర్టులో ఉన్న అంకెని నమ్ముకోకుండా చాలా ఎక్కువ బలం ముందే పెట్టుకుంటాం.

ఫ్రిజ్‌లో పెట్టిన గుడ్లని తీసి నేరుగా ప్యాక్ చేసేవాళ్లు ఇంకో సమస్య తెచ్చుకుంటారు. చల్లటి పెంకు మీద మన గాలి తగిలి చెమ్మ పడుతుంది. పెంకుకి వేల సన్నటి రంధ్రాలుంటాయి, తడి వాటిగుండా సూక్ష్మజీవుల్ని లోపలికి చేరవేస్తుంది, పైగా గడుల అట్టని మెత్తబరుస్తుంది. గది వేడికి వచ్చి, పూర్తిగా ఆరాకే ప్యాక్ చేయండి. గుడ్డు కనబడేలా ప్లాస్టిక్ క్లామ్‌షెల్ (మూత కలిసి ఉన్న డబ్బా) పెడితే భద్రం అనుకునేవాళ్లకీ ఇదే జవాబు: చెమ్మ అందులోనే ఉండిపోతుంది. కాగితం గుజ్జుతో చేసిన పల్ప్ ట్రే ఆ చెమ్మని కొంత పీల్చుకుంటుంది.

ఇక మిగిలినవి.

గుడ్డుని నిలువుగా పెడితే ఎంత బరువైనా మోస్తుందన్నది నిజం కాదు. నిలువుగా పెట్టమనేది వేరే కారణానికి: గాలి గది ఉన్న వెడల్పు వైపు పైకి, మొన కిందికి ఉంటే పచ్చసొన మధ్యలో నిలుస్తుంది, గుడ్డు ఎక్కువ రోజులు బాగుంటుంది. లారీల్లో 30 గుడ్ల ట్రేలు అంత ఎత్తు పేర్చినా పగలకపోవడానికి కారణం గుడ్డు బలం కాదు. ఒక ట్రే మీద ఇంకో ట్రేని పక్కకి తిప్పి పెడతారు, పై ట్రే కింది ట్రే గుబ్బల మీద నిలుస్తుంది, బరువు గుబ్బ నుంచి గుబ్బకి దిగుతుంది. తిప్పకుండా పెడితే పై ట్రే కింది ట్రేలోని గుడ్ల మీదే కూర్చుంటుంది.

పాత న్యూస్‌పేపర్ ఉండలు చుట్టి పెట్టేవాళ్లు అది మానాలి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 ప్యాకేజింగ్ నిబంధనల్లో తిండి పదార్థాలకి న్యూస్‌పేపర్ చుట్టకూడదని ఉంది. ఊక, వరిగడ్డి మంచివే గానీ బండి కుదుపులకి కిందికి దిగిపోతాయి, పైన ఖాళీ పడుతుంది, గుడ్లు కదలడం మొదలవుతుంది.

ఫ్రజైల్ స్టిక్కర్ అంటించండి, అభ్యంతరం లేదు. దాన్ని నమ్మి డిజైన్ మాత్రం చేయకండి.

పగిలిన ప్రతి గుడ్డూ కొరియర్ తప్పే అని కూడా అనుకోవద్దు. సన్నటి పగుళ్లు గూట్లోనే, ఏరేటప్పుడే పడి ఉంటాయి. కోడి వయసు పెరిగే కొద్దీ గుడ్డు పెద్దదవుతుంది, పెంకు పల్చబడుతుంది. చీకటి గదిలో ఫోన్ టార్చి మీద గుడ్డు పెట్టి తిప్పి చూస్తే సన్న గీత కూడా వెలుగుతుంది. అలాంటివి పెట్టెలోకి వెళ్లనివ్వకండి.

పూతరేకులు పంపేవాళ్లు కూడా అడుగుతుంటారు, మాకూ ఇదే పెట్టె సరిపోతుందా అని. సరిపోదు. పూతరేకుకి దెబ్బ కంటే తేమ పెద్ద శత్రువు. రేకు తేమ పట్టిందంటే పెట్టె ఎంత మంచిదైనా లోపల మెత్తటి ముద్దే మిగులుతుంది. ముందు తేమ చొరని కవర్‌లో గాలి ఎక్కువ లేకుండా సీల్ చేసి, ఆ తర్వాత వరసలు ఒకదాని మీద ఒకటి బరువు పెట్టకుండా అట్ట అరలు ఇవ్వాలి. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ గుర్తింపు వచ్చింది. అంత పేరున్న సరుకు కవర్ దగ్గర పొదుపు చేసి నలిగిపోయి చేరడం నాకు నచ్చదు.

డబ్బు పెట్టి డై చేయించే ముందు ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. ఒక్కో గుడ్డుకి పల్చటి పాలిథిన్ కవర్ చుట్టి శాంపిల్ పెట్టె నింపండి, పగిలితే ఏది పగిలిందో తెలుస్తుంది. మామూలుగా మీరు వేసే టేపే వేయండి. 76 సెంటీమీటర్ల ఎత్తు నుంచి సిమెంటు నేల మీద వదలండి: ముందు ఒక మూల మీద, తర్వాత ఆ మూల దగ్గర కలిసే మూడు అంచుల మీద, తర్వాత ఆరు ముఖాల మీద. మొత్తం పదిసార్లు, అదే పెట్టె. తర్వాత తెరిచి టార్చితో చూడండి. అడుగు గుడ్లు పగిలితే కింద ఖాళీ చాలలేదు. పక్కవి పగిలితే గోడకీ గడికీ మధ్య దూరం లేదు. మధ్యవి పగిలితే గుడ్లు ఒకదాన్నొకటి తాకుతున్నాయి.

ఆ పెట్టెని అలాగే, పగిలిన గుడ్లతో సహా, డిజైనర్ దగ్గరికి తీసుకెళ్లండి. వాటితోపాటు మీ కోళ్లు పెట్టే వాటిల్లో అన్నిటికన్నా పెద్ద గుడ్డు, అన్నిటికన్నా చిన్న గుడ్డు రెండూ పట్టుకెళ్లండి. గడి కొలత ఆ రెండింటిని బట్టే తీస్తాం.