ప్రసూతి సెలవు: నిషేధం నుంచి వేతనం దాకా

కాన్పయిన స్త్రీ కొన్ని వారాలపాటు ఫ్యాక్టరీ పనికి రాకూడదని 19వ శతాబ్దపు ఐరోపాలో చట్టాలు వచ్చినప్పుడు, ఆ వారాల్లో ఆమె ఇల్లు ఎలా గడవాలన్న సంగతిని చట్టకర్తలు పట్టించుకోలేదు. స్విట్జర్లాండ్ 1877లో చేసిన ఫ్యాక్టరీ చట్టం కాన్పుకు ముందూ తరువాతా కలిపి 8 వారాలు పని మాన్పించింది. అందులో కనీసం 6 వారాలు కాన్పు తరువాతే ఉండాలంది. జీతం ఊసే లేదు. ఏ రోజు కూలి ఆ రోజు ఖర్చుకే సరిపోయే కుటుంబానికి అది విశ్రాంతి కాదు, చట్టబద్ధమైన పస్తు.

జర్మనీలోనూ 1878లో కాన్పు తరువాత 3 వారాల నిషేధమే మొదట వచ్చింది. అయితే 1883 నాటి ఆరోగ్య బీమా చట్టం, బీమా ఉన్న స్త్రీలకు ఆ 3 వారాలకూ భృతి ఇప్పించింది. కార్మికులూ యజమానులూ కలిసి చందా కట్టిన నిధి నుంచి ఆ సొమ్ము వచ్చేది. మొత్తం చిన్నదే కావచ్చు గానీ, బాలింత ఖర్చును పదిమందీ పంచుకోవాలన్న పద్ధతికి అక్కడే పునాది పడింది.

1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ వాషింగ్టన్‌లో జరిపిన తొలి సమావేశంలోనే దీనిపై ఒడంబడిక కుదిరింది. కాన్పుకు ముందు 6 వారాలు సెలవు తీసుకునే హక్కు, తరువాత 6 వారాలు తప్పనిసరి విరామం, తల్లీబిడ్డల పోషణకు చాలినంత భృతి, పనిలో చేరాక పాలివ్వడానికి రోజుకు రెండుసార్లు అరగంట చొప్పున విరామం అందులో ఉన్నాయి. శతాబ్దం కిందటి పత్రమైనా ఇప్పటికీ ఎన్నో పనిచోట్ల అమలుకు నోచుకోని మాటలే అవి.

1952లో ఆ ఒడంబడికను సవరిస్తూ, బీమా ద్వారా ఇచ్చే భృతి మునుపటి సంపాదనలో మూడింట రెండు వంతులకు తగ్గకూడదనీ, ఆ భారాన్ని ఏ యజమానీ ఒంటరిగా మోయాల్సిన పని లేదనీ చేర్చారు. రెండో నిబంధన యజమానుల మీద జాలితో పెట్టినట్టు కనిపిస్తుంది గానీ, నిజానికి అది స్త్రీల ఉద్యోగాలకు రక్ష. సెలవు జీతమంతా సంస్థే భరించాలంటే, ఇంటర్వ్యూకి వచ్చిన కొత్త పెళ్లికూతురిని చూడగానే యజమాని మనసులో లెక్కలు మొదలవుతాయి. కాదన్న కారణం ఏ కాగితం మీదా ఉండదు. భారతదేశంలో 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టాన్ని 2017లో సవరించి, మొదటి ఇద్దరు పిల్లల విషయంలో సెలవును 12 వారాల నుంచి 26కు పెంచినప్పుడు మెచ్చుకోవలసింది ఎంతో ఉన్నా, ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) పరిధిలో లేని ఉద్యోగినుల విషయంలో ఆ ఖర్చు యజమాని మీదే ఉండిపోయింది. సెలవు నిడివిని పెంచడం కంటే ముందు తేలవలసినది ఆ డబ్బు ఎవరిదన్నదే.

స్విట్జర్లాండ్‌లో ఆ ముడి విప్పడానికి దశాబ్దాలు పట్టింది. ప్రసూతి బీమా నెలకొల్పాలని 1945లోనే ఓటర్లు రాజ్యాంగంలో చేర్చారు. చట్టం మాత్రం రాలేదు. 1984, 1987, 1999లలో వచ్చిన ప్రతిపాదనలను ప్రజాభిప్రాయ సేకరణలో ఓటర్లు తోసిపుచ్చారు. చివరకు 2004లో ఆమోదం లభించి, 2005 జులై నుంచి 14 వారాలపాటు 80 శాతం వేతనం అందసాగింది. ఇందుకు కొత్త నిధి ఏదీ పెట్టలేదు. సైనిక సేవకు వెళ్లినవారికి పోయిన జీతాన్ని భర్తీ చేసే నిధి ఒకటి అప్పటికే ఉంది, దాని నుంచే ఇచ్చారు. ఉద్యోగినులు కూడా దశాబ్దాలుగా దానికి చందా కడుతూనే ఉన్నారు.

అమెరికా సంయుక్త రాష్ట్రాల్లో 1993 నాటి సమాఖ్య చట్టం ఇచ్చేది 12 వారాల జీతం లేని సెలవు. ప్రైవేటు రంగంలో 50 మందికి తగ్గని సంస్థలకే అది వర్తిస్తుంది. హక్కు ఉన్నా, వాడుకునే స్తోమత ఉన్నవారికే అది సెలవు. కాలిఫోర్నియా వంటి కొన్ని రాష్ట్రాలు సొంతంగా బీమా నిధి నుంచి చెల్లిస్తున్నాయి.

2000లో వచ్చిన అంతర్జాతీయ ఒడంబడిక కనీస సెలవును 14 వారాలు చేసింది. బిడ్డకు 6 నెలలు తల్లిపాలు మాత్రమే పట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ గడువులో సగం దాటగానే ఈ సెలవు ముగిసిపోతుంది. పొలాల్లోనూ ఇళ్లలోనూ పనిచేసే కూలీలకు చాలాచోట్ల అదీ లేదు. వారికి జీతపు చీటీ గానీ, చందా కట్టే యజమాని గానీ ఉండరు కనుక, భృతి అందాలంటే అది పన్నుల సొమ్ములోంచే రావాలి.