మామిడి కొమ్మ మీది వాండా ఆర్కిడ్: అపోహలు - వాస్తవాలు

అడవి ఆర్కిడ్లతో పని చేసేవాణ్ణి, కాయ కోతలైపోయి మామిడి తోటల్లో కొమ్మలు కొట్టే టైమ్ వచ్చిందంటే నాకు గుబులే, ఎందుకంటే ఎండుకొమ్మలతో పాటు వాండా టెస్సెలేటా అనే మన సొంత ఆర్కిడ్‌ని కూడా గీకి మంటలో పడేస్తారు.

అపోహ: అది బదనిక, చెట్టు రసం పీల్చేస్తుంది.

వాస్తవం: తంటా అంతా పేరుతోనే. చెట్టు మీద మొలిచిన ప్రతిదాన్నీ మనం బదనిక, వదనిక అనేస్తాం, వాండా అన్న పేరు కూడా సంస్కృతం 'వందా' నుంచే వచ్చింది, దానర్థమూ అదే. నిజంగా రసం పీల్చే బదనిక వేరే ఉంది, దాని మొదలు కొమ్మలోకి దిగిపోయి అతుకు దగ్గర కణితిలా ఉబ్బుతుంది, దాన్ని కోసేయాల్సిందే. వాండా అలా కాదు, పెన్సిల్ లావు తెల్లటి వేళ్ళు బెరడు మీద పాకుతాయంతే. డౌట్ ఉంటే ఆ వేరు మీద గుక్కెడు నీళ్ళు పోసి చూడండి. కాసేపట్లో తెలుపు పోయి ఆకుపచ్చగా మారుతుంది, పైనున్న స్పాంజి లాంటి పొర నీళ్ళు పీల్చుకుని లోపలి పచ్చదనం బయటపడుతుందన్నమాట. ఆకులతో పాటు వేళ్ళు కూడా ఎండతో తిండి వండుకునే మొక్కకి మామిడి రసంతో ఏం పని చెప్పండి?

అపోహ: ఆర్కిడ్లంటే విదేశీ మొక్కలు.

వాస్తవం: మన సామర్లకోటలో ఏళ్ళ తరబడి పనిచేసిన వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ 1795లోనే దీన్ని బొమ్మతో సహా వర్ణించాడు. పసుపుపచ్చ రేకల మీద గోధుమరంగు గళ్ళు, మధ్యలో పెదవిలాంటి ఊదారంగు రేక, మంచి వాసన.

అపోహ: కాయ నిండా బోలెడు గింజలే, ఎంత పీకినా మళ్ళీ మొలుస్తుంది.

వాస్తవం: ఆ గింజ దుమ్ములా ఉంటుంది, లోపల తిండి నిల్వ ఉండదు, సరైన రకం శిలీంధ్రం తోడైతే తప్ప అడవిలో మొలవదు, మొలిచినా పూతకి ఏళ్ళు పడుతుంది. రాస్నా పేరుతో మందు కోసం వేళ్ళు పీకేవాళ్ళని చూస్తే నాకు కడుపు మండుతుంది. ఆయుర్వేద ఫార్మకోపియాలో, అంటే ఆయుర్వేద మందులకి అధికారిక ప్రమాణ గ్రంథంలో, రాస్నా అంటే ప్లూకియా అనే వేరే మొక్క!

అపోహ: అడవి నుంచి తెచ్చి కుండీలో పెడితే కాపాడినట్టే.

వాస్తవం: పీకేటప్పుడే వేళ్ళు తెగుతాయి, మట్టిలో పెడితే మిగిలినవీ కుళ్ళిపోతాయి. రిజర్వ్ ఫారెస్ట్‌లోంచి పీకితే కేసు కూడా. పెంచుకోవాలనుంటే నర్సరీలో టిష్యూకల్చర్ (ల్యాబ్‌లో పెంచిన) మొక్క కొనుక్కోండి. మీ తోటలో గాలికి కొమ్మ విరిగి వాండా కింద పడిందా, బెరడు ముక్కతో సహా కోసి, పక్క చెట్టు మీద కాస్త నీడపట్టున పాత నూలు చీర పేలికతో కట్టండి, వానల్లేకపోతే పొద్దున్నే నీళ్ళు చల్లండి. వేరు కొస పచ్చగా మెరుస్తూ బెరడు వైపు తిరిగిందంటే ఇక పేలిక విప్పేయొచ్చు.