ఫినాయిల్ వాసన వస్తే క్లీన్ అయినట్టేనా? ఆస్పత్రి ఇన్ఫెక్షన్ల మీద అపోహలు - వాస్తవాలు

నేను ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సుని. అంటే ఏం చేస్తావమ్మా అని మా చుట్టాలే అడుగుతుంటారు, ఒక జబ్బుతో వచ్చిన పేషెంట్ ఇంకో జబ్బు అంటించుకుని ఇంటికి పోకుండా చూడటమే నా పని. ఈ పనిలో రోజూ చెవిన పడే మాటలు కొన్ని రాస్తున్నా, అటెండెంట్లు అనేవి కొన్ని, మా స్టాఫ్ అనేవి కొన్ని (నిజం చెప్పాలంటే స్టాఫ్‌వే ఎక్కువ, ఏమనుకోకండి).

అపోహ: గ్లవ్స్ వేసుకున్నాం కదా, ఇంక చేతులు కడగడం దేనికి?

వాస్తవం: వార్డులో ఓ పక్కన నిలబడి పది నిమిషాలు చూడండి చాలు. గ్లవ్స్ వేసుకుని ఒక బెడ్ దగ్గర యూరిన్ బ్యాగ్ ఖాళీ చేస్తారు, అదే చేత్తో కర్టెన్ లాగుతారు, పక్క బెడ్ సెలైన్ స్పీడ్ తగ్గిస్తారు, ఈలోగా ఫోన్ మోగితే అదీ ఎత్తుతారు. గ్లవ్స్ వేసుకున్నవాళ్ళ చెయ్యి శుభ్రంగానే ఉంటుంది, పాపం పక్క బెడ్ ఆయన సంగతే ఎవరికీ పట్టదు. పైగా గ్లవ్స్‌కి కంటికి ఆనని చిల్లులు ఉండొచ్చు, తీసేటప్పుడు కూడా చేతికి అంటుతుంది, అందుకే వేసుకునే ముందూ తీశాకా రెండుసార్లూ చేతులు శుభ్రం చేసుకోవాల్సిందే. ఒక పేషెంట్‌కి ఒక జత, గ్లవ్స్ మీదే శానిటైజర్ రాసేసుకుని ఇంకో బెడ్‌కి పోవడం కుదరదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చేతుల శుభ్రతకి 5 సందర్భాలు చెప్పింది: పేషెంట్‌ని ముట్టుకునే ముందు, సూది క్యాథెటర్ డ్రెస్సింగ్ లాంటి పని ముందు, రక్తం మూత్రం లాంటివి తగిలే పని అయ్యాక, పేషెంట్‌ని ముట్టుకున్నాక, పేషెంట్ చుట్టూ ఉన్న వస్తువులు ముట్టుకున్నాక. అందరూ మర్చిపోయేది ఈ ఐదోదే, మనిషిని తాకలేదు కదా బెడ్ రెయిలింగే కదా అనుకుంటారు.

అపోహ: శానిటైజర్ ఉత్త షో, సబ్బుతో కడిగితేనే నమ్మకం.

వాస్తవం: చేతులకి కంటికి కనిపించే మురికి లేకపోతే ఆల్కహాల్ రబ్బే మంచిది, 20-30 సెకన్లు రుద్దితే చాలు, సబ్బుతో అయితే మొత్తం 40-60 సెకన్లు పడుతుంది, నిండు వార్డులో ఒక్కో పేషెంట్‌కీ సింక్ దాకా పోయొచ్చే తీరిక ఎవరికుంది. కాకపోతే రక్తమో మలమో అంటినా, విరేచనాల పేషెంట్‌ని చూసినా సబ్బూ నీళ్ళే వాడాలి, ఎందుకంటే క్లాస్ట్రిడియం డిఫిసిల్ అనే బ్యాక్టీరియా స్పోర్లు (గట్టి పెంకులాంటి పొరతో నిద్రపోతున్నట్టుండే రూపం) ఆల్కహాల్‌కి చావవు. రబ్ రాసుకున్నాక చేతులు వాటంతట అవే ఆరాలి, చున్నీకి తుడుచుకుంటే రాసుకున్నదంతా దండగ.

ఇంకోటి, గాజులు, రాయి ఉంగరాలు, వాచీ, గుడి నుంచి తెచ్చి కట్టుకున్న ఎర్ర దారం. దేవుడి దారం విప్పమంటారేంటి మేడమ్ అని ముఖం మాడ్చుకుంటారు, నాకూ భక్తి ఉందమ్మా, కానీ తడిసిన ఆ దారం డ్యూటీ అంతా మణికట్టు మీద తడితడిగానే ఉంటుంది, దాని కింద రబ్ సరిగా పోదు. డ్యూటీ అయ్యేదాకా పర్సులో పెట్టుకోమంటా.

అపోహ: ఫినాయిల్ వాసన గుప్పుమంటే వార్డు క్లీన్‌గా ఉన్నట్టు.

వాస్తవం: వాసన ముక్కుకి, క్రిమికి కాదు. అయినా అందరూ నేల గురించే గొడవపడతారు, నేలని ఎవరు ముట్టుకుంటారండీ? చేతులు పడేది బెడ్ రెయిలింగ్, సెలైన్ స్టాండు, మానిటర్ బటన్లు, స్విచ్చులు, బాత్రూం గొళ్ళెం మీద. ఎసినెటోబ్యాక్టర్ లాంటి బ్యాక్టీరియా పొడిగా ఉన్న చోట కూడా వారాల తరబడి బతుకుతుంది, ఐసీయూల్లో మమ్మల్ని ఏడిపించేది అదే. పొడి చీపురుతో ఊడిస్తే దుమ్ము లేచి బెడ్ల మీదే పడుతుంది, ఒకే బకెట్ నల్ల నీళ్ళతో వార్డంతా తుడిస్తే మురికిని ఈ మూల నుంచి ఆ మూలకి పంచిపెట్టినట్టే.

హైపో (సోడియం హైపోక్లోరైట్, అంటే బ్లీచ్ ద్రావణం) సంగతీ అంతే. పొద్దున కలిపింది ఆ రోజుకే, నిల్వ ఉంటే బలం తగ్గిపోతుంది. 5 శాతం బాటిల్ అయితే ఒక వంతుకి నాలుగు వంతుల నీళ్ళు కలిపితే 1 శాతం వస్తుంది. రక్తం ఒలికితే గ్లవ్స్ వేసుకుని, దాని మీద పాత గుడ్డో టిష్యూనో కప్పి, హైపో పోసి కనీసం 10 నిమిషాలు ఆగి ఎత్తాలి, పోసీ పోయగానే తుడిచేస్తే లాభం లేదు. బాత్రూం యాసిడ్‌తో మాత్రం కలపకండి, క్లోరిన్ గ్యాస్ వస్తుంది.

అపోహ: ఐసీయూ బయట చెప్పులు విడిస్తే ఇన్ఫెక్షన్ లోపలికి రాదు.

వాస్తవం: వంగి చేత్తో చెప్పు బెల్టు ఊడదీసి, అదే చేత్తో లోపలికి వచ్చి పెద్దాయన మొహం నిమురుతారు. చెప్పులు విడవండి, వద్దనను, కానీ గుమ్మం పక్కన గోడకున్న శానిటైజర్ బాటిల్ నొక్కి అప్పుడు రండి. జలుబు, దగ్గు, జ్వరం ఉన్నవాళ్ళు అసలు రాకపోవడమే మేలు, ఫోన్‌లో పలకరిస్తే పేషెంట్ ఏమీ అనుకోడు.

అపోహ: ఆపరేషన్ అయ్యాక పెద్ద యాంటీబయాటిక్ వారం వాడితే కుట్లకి చీము పట్టదు.

వాస్తవం: కోత పెట్టడానికి ముందు 120 నిమిషాల లోపు ఇచ్చే డోసే అసలైనది, కోసే టైముకి మందు రక్తంలో ఉండాలి. ముందు ఇన్ఫెక్షన్ ఏదీ లేకపోతే, ఆపరేషన్ అయ్యాక నివారణ పేరుతో దాన్ని సాగదీయొద్దనే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో చెప్పింది, అలా వాడితే ఆ మందుకి లొంగని బ్యాక్టీరియాని మనమే పెంచి పోషించినట్టు. (డాక్టర్ ఏదైనా కారణం చూసి రాసిన కోర్సు మీ అంతట మీరు ఆపకండి, అది వేరే విషయం.) అలాగే ముందురోజు రాత్రి బ్లేడుతో నున్నగా గీకించడం కూడా మానాలి, బ్లేడు పెట్టే సన్న గాట్లలోనే బ్యాక్టీరియా చేరుతుంది, వెంట్రుకలు తీయక తప్పదంటే క్లిప్పర్‌తోనే తీయాలి.

అపోహ: ఆటోక్లేవ్ (పరికరాల్ని ఆవిరి వేడితో స్టెరైల్ చేసే మెషిన్) టేపు మీద నల్ల గీతలు వచ్చాయంటే లోపలివన్నీ స్టెరైల్.

వాస్తవం: ఆ ప్యాకెట్ ఆటోక్లేవ్ వేడి చూసిందని మాత్రమే దాని అర్థం. లోపల స్పోర్లు చచ్చాయో లేదో తెలియాలంటే బయలాజికల్ ఇండికేటర్ (బతికున్న స్పోర్లు పెట్టి చేసే పరీక్ష) పెట్టాలి.

అపోహ: సూది గుచ్చుకుంటే గట్టిగా పిండి రక్తం తీసేసి స్పిరిట్ పోస్తే సరి.

వాస్తవం: పిండొద్దు, నోట్లో పెట్టుకోవద్దు, స్పిరిట్ వద్దు. సబ్బుతో నీళ్ళ కింద కడిగి వెంటనే ఇన్‌ఛార్జికి చెప్పండి. తిడతారని దాచేవాళ్ళని చూస్తే నాకు కోపం కంటే భయమేస్తుంది. పేషెంట్‌కి జబ్బు ఉంటే, ఒక్కసారి గుచ్చుకున్నందుకు హెచ్ఐవీ వచ్చే అవకాశం వెయ్యికి 3, హెపటైటిస్ సి వందకి 2 దాకా, టీకా లేనివాళ్ళకి హెపటైటిస్ బి అయితే వందకి 30 దాకా. అందరూ హెచ్ఐవీకే వణుకుతారు, టీకా ఉండి కూడా బి ని వదిలేస్తారు. హెచ్ఐవీకి పీఈపీ మందులు (గుచ్చుకున్నాక జబ్బు రాకుండా వాడేవి) 72 గంటల లోపు మొదలుపెట్టాలి, ఎంత త్వరగా అయితే అంత మంచిది, 28 రోజులు వాడాలి.

వాడిన సూదికి మళ్ళీ క్యాప్ పెట్టకుండా నేరుగా తెల్ల డబ్బాలో వేయండి. పొరపాటున ఎర్ర బ్యాగులోనో పసుపు బ్యాగులోనో పడితే అది గుచ్చుకునేది వేసిన సిస్టర్‌కి కాదు, బ్యాగు మోసే ఆయమ్మకి. అందుకే హెపటైటిస్ బి టీకా (0, 1, 6 నెలలు, మూడు డోసులు) నర్సులతో పాటు కాంట్రాక్ట్ హౌస్‌కీపింగ్ వాళ్ళకీ వేయించాలి, మూడో డోసు అయిన ఒకటి రెండు నెలలకి టైటర్ (టీకా పనిచేసిందో లేదో చెప్పే యాంటీబాడీల రక్త పరీక్ష) చేయించి 10 mIU/mL దాటిందో లేదో చూసుకోవాలి.