ల్యాబ్‌లో తిండి, నీళ్లు: అపోహలు – వాస్తవాలు

అపోహ: మూత బిగించిన నీళ్ల సీసా బెంచీ మీద ఉంటే ఏం కాదు.

వాస్తవం: లోపలికి ఏమీ పోదు, నిజమే. చిక్కంతా బయటివైపే. లెడ్ నైట్రేట్ (విషపూరితమైన సీసం లవణం) ముట్టుకున్న గ్లవ్స్‌తోనే సీసా పక్కకు జరుపుతారు. గంట తర్వాత గ్లవ్స్ తీసేసి, అదే మూత ఉత్త చేత్తో తిప్పి తాగుతారు. సీసా చోటు తలుపు బయటే. అక్కడ ఒక అర, నాలుగు కొక్కేలు పెట్టకుండా ఊరికే బోర్డు తగిలిస్తే సీసాలన్నీ బ్యాగుల్లో దాక్కుంటాయి.

అపోహ: శానిటైజర్ రాసుకుంటే చాలు.

వాస్తవం: అది చాలా రకాల సూక్ష్మజీవులను చంపుతుంది కానీ, సీసం, క్రోమియం లవణాలను పోగొట్టదు, చేతంతా పులుముతుంది. సబ్బు, ధారగా పడే నీళ్లు, కనీసం 20 సెకన్లు. గ్లవ్స్ వేసుకున్నా సరే, తీశాక కడగాల్సిందే. 1879లో సాకరిన్ అనే కృత్రిమ తీపి పదార్థం తియ్యగా ఉంటుందని బయటపడింది కడగని చేతులతో భోంచేయడం వల్లే. అంటుకున్నది సాకరిన్ కాబట్టి సరదాగా చెప్పుకుంటున్నాం.

అపోహ: విద్యార్థులకిచ్చే బ్యాక్టీరియా కల్చర్లతో (ల్యాబ్‌లో పెంచిన బ్యాక్టీరియాతో) ప్రమాదం లేదు.

వాస్తవం: 2011లో అమెరికాలో మైక్రోబయాలజీ ల్యాబులతో ముడిపడిన సాల్మొనెల్లా టైఫిమ్యూరియం అనే విరేచనాలు తెచ్చే బ్యాక్టీరియా 109 మందికి సోకింది. ల్యాబ్ గడప తొక్కని పసిపిల్లలకు కూడా, ఇంట్లో పెద్దవాళ్ల ద్వారా. పెన్ను, నోట్‌బుక్, ఫోన్, ఏప్రాన్ ఇవన్నీ దారులే. అందుకే ల్యాబ్ పెన్ను ల్యాబ్‌లోనే ఉండాలి. పెన్ను కొరికే అలవాటును తినడం కిందే లెక్కేయండి. చూయింగ్ గమ్, లిప్‌బామ్ కూడా అంతే.

అపోహ: ల్యాబ్ ఐస్, కొత్త బీకరు శుభ్రమే కదా!

వాస్తవం: ఐస్ పెట్టెలో రోజూ ఎవరి గ్లవ్స్ మునుగుతాయో ఎవరికీ తెలియదు. బీకరు కొత్తదే కావచ్చు, రేపు పాతవాటిలో కలిసిపోతుంది. ఫ్రిజ్, మైక్రోవేవ్‌లకూ ఇదే మాట.

అపోహ: మూలనున్న కంప్యూటర్ బల్ల దగ్గర తినొచ్చు.

వాస్తవం: మధ్యలో గోడ, తలుపు ఉంటేనే అది వేరే గది. నేల మీద టేపు గీత ఆవిరిని ఆపదు, కీబోర్డు మీద పడే గ్లవ్స్‌నూ ఆపదు.

అపోహ: జరిమానా వేస్తే అందరూ దారికొస్తారు.

వాస్తవం: మాస్టారి టీ కప్పు బెంచీ మీద కనిపించిన రోజే నియమం చచ్చింది. ముందు అది బయటికి పోవాలి. తర్వాత పని తేలికే. తలుపు దగ్గరే అడగండి, "సీసా బయట పెట్టావా?" అని. లోపల దొరికితే తిట్టొద్దు. గ్లవ్స్ తీసి, చేతులు కడిగి, బయట పెట్టి రమ్మనండి. మళ్లీ దొరికితే ఆ రోజు ప్రాక్టికల్ ఆపేయండి. చెత్తబుట్టలో చాక్లెట్ కాగితాలు కనిపిస్తే మీ తనిఖీలో కంత ఉందన్నమాటే. మూడు గంటల సెషన్ అయితే మధ్యలో 10 నిమిషాలు విరామం ఇవ్వండి. దాహంతో ఉన్నవాడు ఏ నియమమూ వినడు.

షుగర్ ఉన్న విద్యార్థికి ల్యాబ్ లోపల తినే మినహాయింపు ఇవ్వొద్దు. అనుమతి అడక్కుండా ఎప్పుడైనా బయటికెళ్లే హక్కివ్వండి. గ్లూకోజ్ బయటి అరలో ఉండాలి. అలా వెళ్లినప్పుడు వెలుగుతున్న బర్నర్ బాధ్యత పక్కవాళ్లదని మొదటి రోజే చెప్పేయండి. తల తిరుగుతున్నా, కళ్లు మసకబారినా ఒంటరిగా పంపకండి, ఒకరిని తోడివ్వండి.