ప్లేటా, రాడ్డా: తుంటి పంచాయితీకి మూలం ఎక్కడ?

వరంగల్‌లో ఈ గొడవ మళ్లీ మొదలైంది. "మా అమ్మకు ప్లేటు వేసిండ్రు, నెలన్నరకే స్క్రూ జరిగింది. రాడ్డు ఎందుకు వెయ్యలే?" అని ఒకరు. "రాడ్డు పేరు చెప్పి పైసలు గుంజిండ్రు" అని ఇంకొకరు. ఇద్దరి మాటా నిజమే కావచ్చు. విరిగింది తుంటే అయినా, అందరికీ ఒకే తీరుగా విరగదు.

ప్లేటంటే ఎముకకు పక్కన స్క్రూలతో బిగించేది, రాడ్డంటే ఎముక లోపలికి దించే కడ్డీ. తొడ ఎముక మూలుగలోకి అలా కడ్డీ దించడం రెండో ప్రపంచ యుద్ధం నాటి విద్య. అంత వెనక్కి పోనక్కర్లేదు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక మన దగ్గర "ఆపరేషన్ చేయించాలా?" అన్న ప్రశ్న మెల్లగా "ఏది వేస్తారు?" అన్నదాకా వచ్చింది. దానికి జవాబు మాత్రం 2001లోనే దొరికింది.

ఆ ఏడాది అమెరికాలోని మేయో క్లినిక్ డాక్టర్లు ఎదురువాలు విరుపుల లెక్క బయటపెట్టారు. మామూలుగా విరిగిన గీత తుంటికి బయటి వైపు పైన మొదలై లోపలి వైపుకు దిగుతుంది. ఎదురువాలు విరుపుల్లో లోపలి వైపు పైన మొదలై బయటికి దిగుతుంది. ప్లేటుకుండే జారే స్క్రూ మొదటి రకంలో ముక్కల్ని దగ్గరికి నొక్కుతుంది. రెండో రకంలో అదే జారుడు వాటిని విడదీస్తుంది. వాళ్ల లెక్కలో అలా జారే స్క్రూ వేసిన 16 మందిలో 9 మందికి అది విఫలమైంది.

మరుసటి ఏడాది జెనీవా డాక్టర్లు ఇలాంటి విరుపులున్న 39 మంది వృద్ధులను చూశారు. అక్కడ వాడింది జారని రకం ప్లేటు. అయినా 19 మందిలో ఏడుగురికి ప్లేటు దెబ్బతినడమో, ఎముక అతకకపోవడమో జరిగింది. రాడ్డు వేసిన 20 మందిలో ఒక్కరికే అతకలేదు. రాడ్డు ఎముక నడుమ ఉంటుంది, ప్లేటు పక్కన ఉంటుంది. నీళ్ల బిందెను నడుం మీద పెట్టుకోవడానికీ, చెయ్యి చాచి పట్టుకోవడానికీ ఉన్న తేడా ఇది.

రాడ్డు మీద పాత సర్జన్ల అనుమానం ఊరికే పుట్టలేదు. 1980ల చివర గామా అనే పేరుతో వచ్చిన తొలి తుంటి రాడ్ల కొస దగ్గర కొందరికి తొడ ఎముకే విరిగింది. తర్వాత రాడ్ల ఆకారం మార్చారు. మామూలు విరుపులకు ప్లేటే చాలని 2011లో బ్రిటన్ మార్గదర్శకాలు కూడా చెప్పాయి. ఖర్చూ తక్కువే. కానీ ఆ మాట ఎదురువాలు విరుపులకు వర్తించదు.

మా మేనత్తది పరకాల దగ్గరి ఊరు. తెల్లారుజామున వాకిట్లో సానుపు చల్లుతూ జారిపడింది. రెండు రోజులు నూనె రాసుకుంటూ ఇంట్లోనే పడుకుంది. మూడో రోజు హనుమకొండలో ఒక ప్రైవేటు ఆస్పత్రికి తీసుకుపోయాం, ప్లేటు వేశారు. ఆరో వారానికి స్క్రూ జరిగింది. అప్పుడు పాత ఎక్స్‌రే సంచిలోంచి తీసి కిటికీకి ఎత్తిపట్టి చూశాను. గీత లోపలి నుంచి బయటికే దిగుతోంది, డాక్టర్ కానక్కర్లేదు, ఎవరికైనా కనిపిస్తుంది. ఆపరేషన్‌కు ముందు మా బావతో సంతకం పెట్టించుకున్న కాగితంలో "ఇంప్లాంట్" అన్న ఒక్క మాటే ఉంది. ప్లేటో రాడ్డో రాయలేదు.