రేసింగ్ వీల్, గ్రాఫిక్స్ సెట్టింగ్స్: అపోహలు - వాస్తవాలు

రేసింగ్ సిమ్యులేటర్ల కోసం వీల్స్, పీసీలు సెట్ చేసిపెట్టడం నా పని. కొత్త వీల్ బిగించుకున్నవాళ్లలో ఎక్కువమంది మొదట చేసేది ఒకటే: ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ (మోటారు వీల్‌ను తిప్పుతూ చేతికి ఇచ్చే బలం) నూటికి నూరు, గ్రాఫిక్స్ అల్ట్రా. ఆ తర్వాత కారు చేతికి చిక్కడం లేదని బాధపడతారు. ఈ రెండింటి చుట్టూ ఉన్న అపోహలే నాకు ఎక్కువగా ఎదురవుతుంటాయి.

అపోహ: ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ ఎంత పెంచితే అంత నిజమైన కారులా ఉంటుంది.

వాస్తవం: ప్రతి మోటారుకూ ఒక హద్దు ఉంటుంది. లాజిటెక్ జీ29 లాంటి గేర్ల వీల్ ఇవ్వగలిగేది సుమారు 2 న్యూటన్ మీటర్లు (తిప్పే బలానికి కొలమానం). గేర్లు లేకుండా నేరుగా మోటారుకే బిగించే డైరెక్ట్ డ్రైవ్ వీల్ ఫనాటెక్ సీఎస్ఎల్ డీడీ మామూలు పవర్ సప్లైతో 5, బూస్ట్ కిట్‌తో 8 ఇస్తుంది. గేమ్ అడిగే బలం ఆ హద్దు దాటితే పైనున్నదంతా కోసుకుపోతుంది. దీన్నే క్లిప్పింగ్ అంటాం.

వేగంగా తిరిగే పొడవాటి మలుపులో దీన్ని గమనించండి. వీల్ రాయిలా బిగుసుకుపోతుంది. కర్బ్ (ట్రాక్ అంచున ఉండే గట్టు) ఎక్కినా చేతికి తెలియదు. ముందు టైర్లు పట్టు తప్పే ముందు స్టీరింగ్ కాస్త తేలికపడాలి, డ్రైవర్‌కు అందే మొదటి హెచ్చరిక అదే. క్లిప్పింగ్ ఆ హెచ్చరికనే మింగేస్తుంది. అసెట్టో కోర్సా గేమ్‌లో పెడల్స్ యాప్ తెరిస్తే ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ బార్ కనిపిస్తుంది, క్లిప్ అయినప్పుడు అది ఎర్రబడుతుంది. కర్బ్ మీద క్షణకాలం ఎర్రబడితే పర్వాలేదు. మలుపంతా ఎర్రగానే ఉంటే గెయిన్ (ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ బలం సెట్టింగ్) తగ్గించాల్సిందే. బలం తగ్గినట్టు అనిపిస్తుంది కానీ, రోడ్డు మళ్లీ చేతికి తెలుస్తుంది.

డైరెక్ట్ డ్రైవ్ వాడేవాళ్లకు ఒక్క మాట: బొటనవేళ్లు వీల్ కడ్డీల్లో ఇరికించి పట్టుకోకండి. కారు గోడకు కొట్టుకునేలోపు చేతులు వదిలేయండి. వేళ్లకు నిజంగానే దెబ్బ తగులుతుంది.

అపోహ: ఎఫ్‌పీఎస్ (సెకనుకు స్క్రీన్ మీద వచ్చే ఫ్రేములు) పడిపోతే గ్రాఫిక్స్ కార్డ్ మార్చాలి.

వాస్తవం: ముందు రిజల్యూషన్ బాగా తగ్గించి చూడండి. అయినా ఎఫ్‌పీఎస్ పెరగకపోతే ఇబ్బంది దాదాపుగా ప్రాసెసర్ దగ్గరే. రేసింగ్ గేముల్లో ఇది చాలా మామూలు, ఎందుకంటే ట్రాక్ మీద కంప్యూటర్ నడిపే ప్రతి ఏఐ కారుకూ లెక్కలు నడవాలి. కారు కదలికల లెక్కను, అంటే ఫిజిక్స్‌ను, అసెట్టో కోర్సా సెకనుకు 333 సార్లు, ఐరేసింగ్ అనే మరో గేమ్ 360 సార్లు లెక్కిస్తాయి. స్క్రీన్ మీద 60 ఫ్రేములే వస్తున్నా ఆ లెక్క ఆగదు. ప్రాసెసర్ ఊపిరాడక ఉంటే మాత్రం బొమ్మ, వీల్ రెండూ తడబడతాయి.

టెస్ట్ కూడా ఖాళీ ట్రాక్ మీద ఒంటరిగా చేయకండి. గ్రిడ్‌లో (రేసు మొదలయ్యే వరుసలో) చివరి స్థానం, నిండా కార్లు, రాత్రి, వాన పెట్టి స్టార్ట్ చేయండి. మొదటి మలుపు దాకా ఫ్రేములు నిలకడగా ఉంటే ఆ సెట్టింగ్స్ మీకు సరిపోయినట్టే. నిలవకపోతే నేనైతే మొదట అద్దాల మీద చేయి వేస్తాను. అద్దంలో కనిపించే దృశ్యాన్ని కూడా గేమ్ మళ్లీ గీయాలి మరి! తర్వాత నీడలు, రిఫ్లెక్షన్లు. మోషన్ బ్లర్‌ను నేను ఎప్పుడూ ఆఫ్‌లోనే ఉంచుతాను, బ్రేకింగ్ పాయింట్ మసకబారితే ఏం లాభం?

సగటు 110 ఉండి మధ్యమధ్యలో 40కి జారే పీసీ కంటే, 80 దగ్గర లాక్ చేసి కదలకుండా నిలిచే పీసీతోనే బ్రేకింగ్ సరిగ్గా కుదురుతుంది.

అపోహ: వీల్ మంచిదైతే చాలు, పెడల్స్ ఏవైనా ఒకటే.

వాస్తవం: ల్యాప్ టైమ్ ఎక్కువగా పోయేది బ్రేకింగ్‌లోనే. మామూలు పెడల్ కాలు ఎంత దూరం కదిలిందో కొలుస్తుంది, లోడ్ సెల్ అనే సెన్సర్ ఉన్న పెడల్ ఎంత గట్టిగా తొక్కారో కొలుస్తుంది. కాలికి దూరం కంటే ఒత్తిడే బాగా గుర్తుంటుంది. డబ్బు ఒకదానికే ఉంటే పెడల్స్‌కే పెట్టమంటాను.

అపోహ: ఫీల్డ్ ఆఫ్ వ్యూ (స్క్రీన్‌లో ట్రాక్ ఎంత కోణం మేర కనిపించాలనే సెట్టింగ్) పెంచుకుంటే ట్రాక్ బాగా కనిపిస్తుంది.

వాస్తవం: ఎక్కువ కనిపిస్తుంది, కానీ మలుపులు ఉన్నదానికంటే దూరంగా కనిపిస్తాయి, బ్రేకింగ్ అంచనా తప్పుతుంది. 27 అంగుళాల వైడ్ మానిటర్ కళ్లకు 70 సెంటీమీటర్ల దూరంలో ఉంటే సరైన నిలువు కోణం సుమారు 27 డిగ్రీలే. ఇరుకుగా అనిపిస్తే సెట్టింగ్ పెంచకండి, మానిటర్‌నే వీల్‌కు దగ్గరగా, కళ్లకు 50 సెంటీమీటర్ల దూరంలోకి జరపండి. అప్పుడు సరైన కోణం దాదాపు 37 డిగ్రీలకు చేరుతుంది.