మదనపల్లె కార్డులు, చెన్నై బడులు: ఒక లక్ష్యం తరగతి గదికి చేరిన దారి

చదువు పిల్లల చుట్టూ తిరగాలి, కృత్యాల ద్వారా సాగాలి అన్న మాట మన విద్యా పత్రాలకు కొత్త కాదు. 1986 జాతీయ విద్యావిధానం ఆ మాట చెప్పింది. దాని వెంట 1987లో వచ్చిన ఆపరేషన్ బ్లాక్‌బోర్డు పథకం బడికి కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు, బోధన సామగ్రి ఉండాలంది; వచ్చిన సామగ్రి చాలాచోట్ల బీరువాలోనే ఉండిపోయింది. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ అదే ఆశయాన్ని చట్టంలోకి ఎక్కించింది. లక్ష్యం అదే అయినా, అది సోమవారం పొద్దున మొదటి పీరియడ్‌లో ఎవరు చేసే ఏ పనిగా మారాలన్న ప్రశ్నకు మాత్రం ఒక్కోచోట ఒక్కో జవాబు వచ్చింది. చెన్నై కార్పొరేషన్ బడులు 2003లో ఇచ్చిన జవాబుకు మూలం తెలుగు నేల మీద ఉందన్న సంగతి ఈ నగరంలోని తెలుగువారిలో చాలామందికి తెలియదు.

అంతకు ముందే ఆంధ్రప్రదేశ్‌లో ఒక పెద్ద ప్రయత్నం జరిగింది. బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో 1984లో ప్రయోగాత్మకంగా మొదలై, తరువాత రాష్ట్రమంతటికీ విస్తరించిన ప్రాథమిక విద్యా పథకాన్ని ఆనాటి టీచర్లు ఏపీపెప్ అనేవారు. దానికి ఆరు సూత్రాలు: టీచరే కృత్యాలు తయారు చేయడం, చేసి చూసి నేర్చుకోనివ్వడం, ఒక్కొక్కరితోనూ జట్లతోనూ తరగతి మొత్తంతోనూ పని చేయించడం, పిల్లల మధ్య తేడాలను గుర్తించడం, పరిసరాలను వాడుకోవడం, పిల్లల పనిని గోడల మీద ప్రదర్శించడం. శిక్షణలు, టీచర్ల కేంద్రాల సమావేశాలు శ్రద్ధగానే నడిచాయి. ఈ ఆరింటిలో గోడల ప్రదర్శన అన్నిటికన్నా తేలిగ్గా అమలయ్యేది, ఎందుకంటే తనిఖీకి వచ్చినవారి కంటపడేది అదే. రేపు ఏ పిల్లవాడికి ఏ కృత్యం ఇవ్వాలన్న నిర్ణయాన్ని మాత్రం సూత్రాలు టీచరుకే వదిలేశాయి. రెండు మూడు తరగతులను ఒంటిచేత్తో నడిపే మనిషికి అది మోయలేని బరువు.

ఆ బరువును పంచుకునే పద్ధతి 1980ల చివరలో మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ విద్యాకేంద్రంలో రూపుదిద్దుకుంది. చుట్టుపక్కల పల్లెల్లోని ఒకే గది, ఒకే టీచరు ఉన్న బడుల కోసం పద్మనాభరావు, రమ దంపతులు పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, ఒక్కో మెట్టుకు కార్డులు తయారు చేశారు. పరిచయం, అభ్యాసం, మూల్యాంకనం, వెనుకబడినవారికి మళ్లీ నేర్పడం, ముందున్నవారికి అదనపు పని: ఈ వరుస ప్రతి మెట్టులోనూ ఉంటుంది. కార్డు మీద ఒక బొమ్మ గుర్తు, గోడ మీద అభ్యాస నిచ్చెన ఉంటాయి. పిల్లవాడు నిచ్చెన చూసి తానెక్కడున్నాడో తెలుసుకుని, తరువాతి కార్డు తానే తెచ్చుకుంటాడు. ‘ఒక్కో పిల్లవాడు తన వేగంతో నేర్చుకోవాలి’ అన్న ఆశయం ఇక్కడ ట్రేలోంచి కార్డు తీయడమనే పని అయింది. నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తానికి కీలకం ఇదే.

1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటె టీచర్లు ఈ పద్ధతిని చూసి వెళ్లి, యూనిసెఫ్ తోడ్పాటుతో కన్నడంలో ‘నలి కలి’గా (ఆనందంగా నేర్చుకో అని అర్థం) మలుచుకున్నారు.

చెన్నైకి రిషి వ్యాలీ పద్ధతి వచ్చింది ఎం.పి. విజయకుమార్ కార్పొరేషన్ కమిషనరుగా ఉన్నప్పుడు. అంతకుముందు వేలూరు కలెక్టరుగా ఆయన వెట్టిచాకిరీ నుంచి విడిపించిన పిల్లల ప్రత్యేక బడులతో పనిచేశారు. మామూలు తరగతి పద్ధతి అలాంటి పిల్లలకు సరిపోదని అక్కడే తేలిపోయింది. 2003లో కార్పొరేషన్ టీచర్ల జట్టు రిషి వ్యాలీ వెళ్లి, పద్ధతిని కళ్లారా చూసి, తిరిగొచ్చి తమిళ కార్డులను తామే రాసుకుంది. మొదట 13 బడుల్లో ప్రయత్నించి, ఆ తరువాతే నగరంలోని 264 బడులకు విస్తరించారు. గది రూపం కూడా మారింది. నల్లబల్లలు పిల్లల చేతికందే ఎత్తుకు దిగి, ఒక్కొక్కరికి కొంత చోటు దక్కింది; పిల్లలు రాసినవి వేలాడదీయడానికి గదిలో అడ్డంగా తీగలు కట్టారు; ఒకటి నుంచి నాలుగో తరగతి దాకా పిల్లలు కలిసి చాపల మీద కూర్చుంటే టీచరు కూడా వారి మధ్య నేల మీదే కూర్చుంది. టీచరు పూర్తి సాయం కావలసినవారు, కొంత సాయం చాలినవారు, తోటివారితో కలిసి చేసేవారు, సొంతంగా చేసుకునేవారు, మూల్యాంకనంలో ఉన్నవారు అని జట్లు విడిపోవడంతో, నలభై మందికి ఒకేసారి చెప్పాల్సిన పని పోయి, ఆ గంటలో అవసరమున్న కొద్దిమంది దగ్గరే ఆమె కూర్చోగలిగింది.

2007–08లో ఇదే పద్ధతి సర్వశిక్షా అభియాన్ ద్వారా తమిళనాట 37,000కు పైగా ప్రాథమిక పాఠశాలలకు వెళ్లింది. వేగం అబ్బురపరిచేదే. కానీ అంత వేగంలో టీచర్లందరూ నడుస్తున్న తరగతిని చూసి రావడం, కార్డులు తాము రాసుకోవడం సాధ్యం కాదు. చాలామందికి పద్ధతి అచ్చయిన కార్డుల పెట్టెగా, ఒక ఉత్తర్వుగా చేరింది. కార్డు ఎందుకు ఆ వరుసలో ఉందో తెలియని టీచరుకు దాన్ని మార్చే ధైర్యం రాదు. నిచ్చెన బిగుసుకుపోయిందని, రికార్డులు పెరిగాయని టీచర్లు అన్నారు. పుస్తకం ఇంటికి రాకపోతే పిల్లలు ఏం చదువుతున్నట్టు అని తల్లిదండ్రులు అడిగారు. పక్కింటి పిల్లవాడు ప్రైవేటు బడి నుంచి హోంవర్కు తెస్తుంటే ఆ ప్రశ్నను తోసిపుచ్చలేం. 2012–13లో ఎనిమిదో తరగతి వరకు మూడు టర్ముల విధానం, నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చాక టర్ము పుస్తకాలకు ప్రాధాన్యం పెరిగింది.

కరోనా మూసివేతల తరువాత 2022లో తమిళనాడు ‘ఎణ్ణుం ఎళుత్తుం’ (అంకెలూ అక్షరాలూ) అనే పథకం తెచ్చింది. 2025 నాటికి ఎనిమిదేళ్ల పిల్లలందరికీ చదవడం, రాయడం, చిన్న లెక్కలు రావాలన్నది దాని లక్ష్యం. పిల్లలను అరుంబు (చిరుమొగ్గ), మొట్టు (మొగ్గ), మలర్ (పువ్వు) అనే మూడు స్థాయిలుగా చూసి, ఒకే గదిలో వేర్వేరు పనులివ్వడం దాని పద్ధతి. మొదట మూడో తరగతి వరకు మొదలుపెట్టి, మరుసటి ఏడాది నాలుగు, ఐదు తరగతులకు పొడిగించారు. 2003 నాటి జట్ల ఆలోచన ఇందులో స్పష్టంగా కనిపిస్తుంది. ఈసారి మూల్యాంకన వివరాలు మొబైల్ యాప్‌లోకి ఎక్కించాలి, ఆ పని పాఠం చెప్పే సమయాన్ని తింటోందని టీచర్ల సంఘాలు అభ్యంతరం చెప్పాయి. పిల్లవాడి స్థాయి పై అధికారులకు చేరడానికి ఇప్పుడు దారి ఉంది. ఆ స్థాయి చూసి రేపటి పనిని మార్చుకునే వెసులుబాటు టీచరుకు ఎంత ఇస్తారన్నది బ్లాకు స్థాయి సమావేశాల్లోనే తేలాలి.